నాలుగు వేళ్ల మడత

చిరంజీవి చిన్నమ్మడికి అమ్మ దీవించి రాసేది.

నువ్వూ, నీతోపాటు ఆ తలుపు లోపలున్న మిగతా ఐదుగురూ వేళకి తింటూ, ఒంట్లో కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. దీని తర్వాత ఇక్కడి క్షేమం గురించి ఒక వాక్యం రాయడం మనకి వాడుక. ఇన్నేళ్లుగా ఎవరికి ఉత్తరం మొదలుపెట్టినా నా చెయ్యి దానంతటదే ఆ మాట రాసేసేది. ఈసారి ఆ వాక్యం రాయలేదు. ఎందుకో చివరి కాగితాల్లో ఉంది.

మొత్తం ఆరు కాగితాలు. నాలుగు విడిగా ఉన్నాయి. చివరి రెండూ కలిపి మడిచి చుట్టూ దారంతో కుట్టేశాను, ఈపాటికి చూసే ఉంటావు. అందులో ఉన్నది మంచి కబురు కాదు. నిన్ను నవ్విస్తూ నాలుగు కాగితాలు చదివించి ఐదోదాంట్లో పిడుగు వెయ్యడం నాకు చేతకాదు, అందుకే ముందే చెబుతున్నాను. అలాగని ఇప్పుడే దారం కొరికెయ్యకు. కథల పుస్తకం కొనిస్తే చివరి పేజీ ముందు చదివే పిల్లవి నువ్వు. ఈ ఒక్కసారికి నా మాట విను. ఈ నాలుగూ చదివితేనే ఆ రెండూ ఎక్కడ కూర్చుని విప్పాలో నీకు తెలుస్తుంది.

నువ్వు పోయిన నెల రాసిన ఉత్తరం కుట్టు మిషను బల్ల మీద పెట్టుకున్నాను. ఒక్కోదానికీ జవాబు రాసి పక్కన సుద్దముక్కతో గీత పెడుతున్నాను.

పడుకునే సంచి మెడ దగ్గర గీరుకుంటోందన్నావు. వాటి లోగుడ్డ కుట్టింది నేనే కాబట్టి తప్పు నాదే. మెడ పట్టీ కుట్టు ఒంటివైపుకి వచ్చింది. సంచిని తిరగేసి, లోపలిది బయటికి చేసి పడుకో. చూడ్డానికి బాగుండదు కానీ నువ్వు దాంట్లో పెళ్లికి పోవడం లేదు కదా. మీ మంచీచెడూ బయటి నుంచి చూసే డాక్టరమ్మ వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా రాసుకుంది. రేపు నిజంగా చందమామ మీదికి పోయే సంచులన్నిటికీ కుట్టు బయటికే ఉంటుందట, నీ మెడ పుణ్యమా అని.

షాపులో అందరూ నీ గురించి అడుగుతున్నారా అన్నావు. అడక్కుండా ఎందుకుంటారు. మొన్న దిండు గలీబులకి వచ్చినావిడ, మీ అమ్మాయి చందమామ మీద ఉందట కదా అంది. లేదమ్మా, చందమామ మీద ఏడాది ఉండాలంటే మనిషికి ఎంత చోటు కావాలో, ఎంత చప్పుడు ఓర్చుకోగలడో, ఎవరి మీద ఎవరికి ఎప్పుడు విసుగు పుడుతుందో తెలుసుకోడానికి ఇక్కడే అలాంటి ఇల్లు ఒకటి కట్టి ఆరుగురిని పెట్టి తలుపేశారు, మా అమ్మాయి అందులో నీళ్ల గొట్టాలూ పంపులూ చూసుకుంటుంది అని చెప్పాను. మరి ఆ ఇల్లెక్కడుంది అంది. మూడు బస్టాపుల అవతల, నెలకొక ఉత్తరం మాత్రం పోనిస్తారు అన్నాను. ఆవిడకి సరదా అంతా పోయింది. మూడు బస్టాపులకి నెలకో ఉత్తరమేమిటి అని గొణుక్కుంటూ వెళ్లింది. ఆ మాట మాత్రం నాకూ నిజమే అనిపించింది.

మీ కరెంటు మనిషి, అదే మీరు తుమ్మెద అని పేరు పెట్టినాయన, అన్నం తింటున్నంతసేపూ ముక్కుతో కూనిరాగం తీస్తాడని, ఇంకో ఏడు నెలలు వింటే గరిటె విసురుతానని రాశావు. విసరకు. అతనికి తాను తీస్తున్నట్టు తెలిసి ఉండదు. మీ నాన్న నమిలేటప్పుడు దవడ టక్కుమంటుంది, ముప్పై రెండేళ్లుగా వింటున్నాను, ఆయనకి ఈ రోజుకీ తెలియదు. నువ్వతనికి ఎదురుగా కూర్చుంటున్నావనుకుంటాను. పక్కన కూర్చో, సగం చప్పుడు తగ్గుతుంది. వేరే వేళకి తింటానని మాత్రం అనకు. చోటు కలిసొస్తుందని ఆఫీసువాళ్లు రెండు చిన్న బల్లలు చాలు, ముగ్గురు ముగ్గురు చొప్పున తింటారు అంటే, ఆ ఇల్లు గీసిన మీ అన్నయ్య పట్టుబట్టి ఆరుగురికీ ఒకే బల్ల వేయించాడు. రోజుకొకసారైనా ఆరు మొహాలూ ఒకచోట కనబడకపోతే ఆ ఇంట్లో రెండు ఇళ్లు పుడతాయన్నాడు. ఆ బల్ల కోసమైనా తుమ్మెదని భరించు.

నాన్న ఎలా ఉన్నారన్నావు. పొద్దున్నే నడకకి పోతున్నారు. పార్కు దాకా అని చెప్తారు. తిరిగొచ్చాక చెప్పుల కింద ఎర్ర కంకర అంటుకుని ఉంటుంది. ఆ కంకర ఈ ఊళ్లో మీ ఆవరణ గేటు ముందు తప్ప ఎక్కడా లేదు. నేను ఏమీ అడగకుండా చెప్పులు తుడిచి పెడుతున్నాను.

ఇక నువ్వు గీత కొట్టి మరీ అడిగింది. స్టోరుకీ నీళ్ల ట్యాంకుకీ మధ్య రెండు మూరల ఖాళీ ఉంది, లోపల ఒక మనిషి కూర్చునేంత గట్టు, ముందు మందపాటి తెర, ప్లానులో ప్రతి చోటుకీ పేరుంది కానీ దీనికి మాత్రం పదిహేడు అని అంకె తప్ప ఏమీ లేదు, ఇది దేనికి అని. డబ్బాలు పెట్టుకుందామని కెప్టెన్ అంటోందనీ, నా జవాబు అందిన పై వారం ఆరుగురూ కూర్చుని తేల్చి ఆఫీసుకి రాయాలనీ, మీరు వద్దని రాస్తే అసలు ఇంట్లో ఆ చోటు తీసేస్తారనీ రాశావు. కింద ఇంకో ముక్క కూడా రాశావు, డిజైను చేసిన మహానుభావుణ్ని అడిగి చెప్పమ్మా, ఆయనగారి అలక తీరితే అని.

అది దేనికో ఆయనగారిని అడక్కుండానే నాకు తెలుసు. ఆ చోటు నా తప్పు వల్ల వచ్చింది.

రెండేళ్ల కిందట మాట. రేకులతో గదులు చేయించే ముందు ఒకసారి గుడ్డతో కట్టి, లోపల మనుషుల్ని తిప్పి చూడాలనుకున్నాడు అన్నయ్య. బయటివాళ్లు కుట్టాలంటే రెండు నెలలన్నారు. మా అమ్మ పది రోజుల్లో కుడుతుందని ఆఫీసులో చెప్పేసి వచ్చాడు, నన్ను ఒక్క మాటైనా అడక్కుండా. పద్నాలుగు గుడ్డ గోడలు. కొలతలన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం ఉన్నదున్నట్టు గుడ్డల కొట్టుకి పంపాను, కోసి పంపమని. అంచు మడవడానికి అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు కలిపి చెప్పాలి. కొత్తగా కుట్టు నేర్చుకునే పిల్లకి మొదటి రోజు చెప్పే సంగతి అది. ముప్పై ఏళ్ల చేతితో అది మర్చిపోయాను.

ఎందుకు మర్చిపోయానో నీకెప్పుడూ చెప్పలేదు. ఆ కాగితం పంపిన రోజు పొద్దున్నే నువ్వు షాపుకొచ్చావు. ఆ ఇంట్లో ఏడాది ఉండటానికి పేరిచ్చానమ్మా అన్నావు. మంచిదే అన్నాను. నవ్వాను కూడా. నువ్వెళ్లాక కొట్టుకి ఫోను చేశాను.

మడత కుట్టి తీసుకెళ్లి ఆఫీసు వెనక షెడ్డులో గుండ్రటి ఇనప చట్రానికి ఒక్కోటీ కట్టుకుంటూ వచ్చాం. పదమూడోది అయ్యేసరికే నాకు అర్థమైంది. పద్నాలుగోది కట్టాక మొదటిదానికీ దీనికీ మధ్య రెండు మూరలు బావురుమని మిగిలింది. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. అన్నయ్య అప్పటికింకా చూడలేదు. గదులు చూపిస్తూ తిరుగుతున్నాడు. ఒక తెర ఎత్తి, ఇది పానాది అన్నాడు. చిన్నప్పటి నుంచీ చేతిలో పానా పట్టుకు తిరిగేదానివని నీకు వాడు పెట్టిన పేరు కదా. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నా చీర పరిస్తే నిండిపోయేంత గది. నీ మంచం, నీ అర, నీ దీపం.

దారం తెచ్చుకుంటానని చెప్పి ఆ ఖాళీలోకి పోయి స్టూలు మీద కూర్చున్నాను. అటు గుడ్డ, ఇటు గుడ్డ. ఏడుపు ఎంతసేపు వచ్చిందో తెలియదు. కళ్లెత్తేసరికి వాడు టేపు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. గుడ్డలు పొట్టిగా వచ్చినందుకు ఏడుస్తున్నాననుకుంటాడులే అని ఊరుకున్నాను. వాడు ఆ సంగతి ఎత్తలేదు.

"అమ్మా, ఇన్ని గదులున్నాయి. ఇక్కడికొచ్చి కూర్చున్నావేం?" అన్నాడు.

"ఆ గదుల్లో ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరు పని మీద వస్తారు రా. వంటింట్లోకి వస్తారు, స్టోరులోకి వస్తారు. పడకగదిలో ఉంటే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. ఇక్కడ ఎవరికీ పని లేదు" అన్నాను.

వాడు టేపు పరిచి కొలిచాడు. "పద్నాలుగు గుడ్డలు, ఒక్కోదాంట్లో నాలుగు వేళ్లు తగ్గాయి. ఎక్కడికీ పోలేదమ్మా, అన్నీ కలిసి ఇక్కడికొచ్చాయి" అన్నాడు. గుడ్డలు మళ్లీ కుడతానంటే వద్దన్నాడు. గదులన్నీ నాలుగు వేళ్లు తగ్గించే అసలు ప్లాను గీశాడు. ట్యాంకుని తెచ్చి దాని పక్కన పెట్టాడు, పంపు చప్పుడు అడ్డం ఉంటే లోపలి చప్పుడు బయటికి రాదని.

దాని కోసం ఆఫీసులో నాలుగు నెలలు తగువు. వాళ్ల పెద్దాయన, ఈ ఇంట్లో ప్రతి జానెడుకీ ఒక పని ఉండాలి, దీనికేం పని అని అడిగాడట. వీడు, పనుంది సార్, రాస్తే పోతుంది అన్నాడట. ఆ జవాబు ఇంటికొచ్చి చెప్పాడు, నాన్నా వాడూ పడీపడీ నవ్వారు. తర్వాత నాకు విడమరిచి చెప్పాడు. దానికి ఏడ్చే గది అని పేరు పెడితే ఒక్కరూ అందులోకి పోరమ్మా, పోయినవాళ్లని మిగతా ఐదుగురూ చూస్తారు, పేరు లేకపోతే దారం కోసం పోయారనుకుంటారు అన్నాడు.

అదీ పదిహేడు కథ.

ఇప్పుడు లే, తల్లీ. దారి మధ్యలో ఎవరైనా అడిగితే పంపు చూడ్డానికి అని చెప్పు. లోపలికి పోయి తెర వేసుకుని గట్టు మీద కూర్చో. వీపు ట్యాంకు గోడకి ఆనించు, అది కాస్త వెచ్చగా ఉంటుందని నువ్వే రాశావు. కూర్చున్నాక దారం కొరుకు.

*

చిన్నమ్మా, అన్నయ్య లేడు.

రేపటికి ఎనభై రెండు రోజులు. మధ్యాహ్నం టీకని ఆఫీసులోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఒళ్లో ప్లాను కాగితం ఉంది. అది చూసుకుంటున్నాడని పక్కనుంచి ఇద్దరు ముగ్గురు వెళ్లిపోయారు. తలలో నరం చిట్లిందని తర్వాత ఆస్పత్రిలో చెప్పారు. ఎవరూ చెయ్యగలిగింది ఏమీ లేదన్నారు. రెండు వారాల నుంచీ తలనొప్పి అంటూనే ఉన్నాడు. కళ్లజోడు మార్పించుకో అన్నాను నేను. అంతకన్నా నాకేమీ తోచలేదు. ఆ మాట రోజూ గుర్తొస్తుంది. నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

నొప్పి పడలేదని చెప్పారు. మొహం చూశాను, పడినట్టు లేదు.

లోపలికి పోయే ముందు నీ చేత ఒక కాగితం నింపించారు గుర్తుందా. ఇంట్లో ఏదైనా జరగరానిది జరిగితే వెంటనే చెప్పాలా, బయటికొచ్చాక చెప్పాలా అని. నువ్వు రెండూ కొట్టేసి, అమ్మ ఇష్టం అని రాశావట. డాక్టరమ్మ ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నీ రాత చూసి, ఇంత బరువు నా నెత్తిన ఎందుకు పెట్టావే అని మనసులో తిట్టుకున్నాను. ఇప్పుడే వద్దండీ అన్నాను. ఆవిడ నెలనెలా వచ్చి అడుగుతూనే ఉంది.

పిల్ల ఒంటరిగా ఉంది, అక్కడ ఎలా తట్టుకుంటుంది అని నాన్నతో, ఆవిడతో, అందరితో చెప్పాను. అది అబద్ధం. నువ్వు తట్టుకుంటావు. నాకు తెలుసు. నా భయం వేరే. నీకు తెలిస్తే తలుపు తీసుకుని వచ్చేస్తావు. ఏడాది నిండకుండా తలుపు తెరుచుకుంటే పరీక్ష అక్కడితో సరి, ఆ ఇల్లు మళ్లీ మొదటి నుంచీ వేరేవాళ్లు గీస్తారు. వాడివి నాకు ఇంకేం మిగిలాయి? వాడి చేతి పని అదొక్కటే. అది నిలబడాలని నిన్ను లోపల ఉంచాను. ఉన్న బిడ్డ కన్నా లేని బిడ్డ ఇల్లు ఎక్కువైపోయింది నాకు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ఇంకోటి కూడా చేశాను. పోయిన ఉత్తరాల్లో అన్నయ్య ఒక్క ముక్కైనా రాయడేం అని అడుగుతుంటే ఏం చెప్పాలో తోచక, వాడి గదుల్లో ఫ్యాను చప్పుడని వంక పెట్టావు కదా, అందుకని అలిగాడు అని రాశాను. రాసేటప్పుడు చిన్న అబద్ధమే అనుకున్నాను. మొన్నటి ఉత్తరంలో నువ్వు వాడి పేరుకి వేరే చీటీ పెట్టావు. అన్నయ్యా, తప్పయింది, సరదాకన్నాను, నీ ఫ్యాను చాలా బాగుంది, ఇప్పుడు దాని చప్పుడు లేకపోతే నిద్ర పట్టట్లేదు, బయటికొచ్చాక నీ కాళ్లు పట్టుకుంటా, మాట్లాడు అని.

ఆ చీటీ నాన్నకి ఇచ్చాను. ఆయన చదివి చాలాసేపు మడతలు పెడుతూ కూర్చున్నారు. వాడు పోయినప్పటి నుంచీ ఆయన నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఆ రోజు అన్నారు.

"ఇల్లు ఆగితే ఆగుతుంది. వాడు అలిగాడని దాన్ని అలా కూర్చోబెట్టకు."

అందుకే ఇది రాస్తున్నాను. వాడు నీ మీద అలగలేదు తల్లీ. ఒక్క పూట కూడా అలగలేదు. పోయిన రోజు పొద్దున్న నీ ఉత్తరం నిలబడే చదివాడు, ఫ్యాను గురించి చదివి గట్టిగా నవ్వాడు. "చూశావా అమ్మా, పానా ఒక్కతే నిజం రాసింది. మిగతా ఐదుగురూ అంతా బాగుందని రాశారు. అది బయటికొచ్చాక ఆ ఫ్యాను దానిచేతే మార్పిస్తా" అన్నాడు. చెప్పులు వేసుకుంటూ కూడా నవ్వుతూనే ఉన్నాడు. నీ గురించి వాడన్న చివరి మాట అదే. ఇన్నాళ్లూ అది నీకు దక్కకుండా దాచిపెట్టాను. నన్ను మన్నిస్తావో లేదో నీ ఇష్టం.

ఇక నువ్వేం చెయ్యాలో నేను చెప్పను. రావాలనిపిస్తే వచ్చెయ్యి. తలుపు లోపలి నుంచే తెరుచుకుంటుంది, నిన్ను ఎవరూ ఒక్క మాట అనరని పెద్దాయన నా ఎదుట అన్నాడు. ఈ ఉత్తరం పెట్టిన డబ్బా లోపలికి పంపిన దగ్గర్నుంచీ డాక్టరమ్మ ఫోను దగ్గరే కూర్చుంటుంది. నేనూ నాన్నా గేటు బయట ఎర్ర కంకర దగ్గర ఉంటాం. రెండు స్టూళ్లు తీసుకెళ్తున్నాం. నువ్వు వస్తే ఇంటికి పోదాం. రానని డాక్టరమ్మతో కబురు చేస్తే, కాసేపు కూర్చుని వచ్చేస్తాం. ఏ కబురూ రాకపోయినా సాయంత్రం దాకా అక్కడే ఉంటాం.

లోపల మీ వాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు. చెప్పాలనుకుంటే నువ్వే చెప్పు. చెప్పాలని లేకపోతే మొహం కడుక్కుని పో, నీళ్ల పని చేసేదానివి, మొహం తడిగా ఉంటే ఎవరూ అడగరు. భోజనం మాత్రం ఆ బల్ల దగ్గరే చెయ్యి. తుమ్మెద పక్కన కూర్చో. ఈ రోజుకి ఆ కూనిరాగం నీకు మంచిదే.

పదిహేడు గురించి పై వారం కెప్టెన్ అడిగితే, మా అమ్మ కొలత తప్పింది, దానివల్ల వచ్చింది అని మాత్రం చెప్పు. అది నిజమే. దానిలో నీ గది నుంచి నాలుగు వేళ్లు ఉన్నాయి, తుమ్మెద గది నుంచి నాలుగు వేళ్లు ఉన్నాయి, కెప్టెన్ గది నుంచి కూడా ఉన్నాయి. డబ్బాలకి ఇవ్వాలో వద్దో ఇప్పుడు అందులో కూర్చున్నదానివి నీకే తెలుస్తుంది.

పైన రాయకుండా వదిలేసిన వాక్యం ఇప్పుడు రాస్తున్నాను. ఇక్కడ నేనూ నాన్నా ఉన్నాం.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ